మాఫీకి ముందు పద్దు

రుణమాఫీలోని 'మాఫీ' అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మనకు చేరిన మాట. క్షమకు అరబ్బీలో వాడే 'అఫ్వ్' కూడా ఆ ధాతువుదే. చెరిపేయడం అన్న అర్థమూ దానికుంది. చెరపాలంటే ముందు పద్దు రాసి ఉండాలి కదా. అరబ్ సమాజాల్లో తరతరాలుగా నడుస్తున్న 'సుల్హ్' అనే రాజీ ఆచారం ఈ చిన్న తర్కం మీదే నిలబడింది. యుద్ధాలు చూసిన ఆ దేశాల పిల్లలకు క్షమను పాఠంగా చెప్పబోయేవాళ్లు ముందుగా చదవాల్సింది ఆ ఆచారపు చరిత్రే అని నా వాదన.

పాలస్తీనా, జోర్డాన్, లెబనాన్ పల్లెల్లో హత్య జరిగితే, చంపినవాడి కుటుంబం పలుకుబడి గల పెద్దలను ఆశ్రయిస్తుంది. ఆ పెద్దల బృందమే 'జాహా'. అది హతుడి ఇంటికి వెళ్లి, చంపినవాడి తరఫున తప్పు ఒప్పుకుని, పగ తీర్చుకోకుండా గడువు అడుగుతుంది. జోర్డాన్‌లో ఆ గడువును 'అత్వా' అంటారు. హంతకుడి బంధువులు ఊరు విడిచి పోవడమూ అక్కడి ఆనవాయితీ. ఆ తర్వాత 'దియా' ఎంతో తేలుతుంది. గల్ఫ్ జైళ్లలో మగ్గిన సిరిసిల్ల కార్మికుల వార్తల్లో మనం 'బ్లడ్ మనీ'గా విన్నది దీన్నే. హతుడి ఇంట ముందు పెట్టిన కాఫీని, అడిగింది ఇస్తామనేదాకా జాహా పెద్దలు ముట్టరు. చివరికి నలుగురి ఎదుటా చేతులు కలుస్తాయి. గలిలీ ప్రాంతంలోనైతే తెల్లజెండాకు ముడులు వేస్తారు. ఆ పైన కలిసి భోజనం. దాని పేరు 'ముమాలహా', అంటే ఉప్పు పంచుకోవడం. ఉప్పు తిన్న విశ్వాసం గురించి మనకు వేరే చెప్పనక్కర్లేదు. ఈ తతంగమంతటిలో నాకు ముఖ్యమనిపించేది వరస: ఒప్పుకోలు ముందు, క్షమ చివర. ఖురాన్ రెండో సూరా 178వ వాక్యంలోనూ ప్రతీకారపు హక్కును గుర్తించాకే క్షమ ప్రస్తావన వస్తుంది.

ఆధునిక ప్రభుత్వాలు ఈ వరసను తలకిందులు చేశాయి. పదిహేనేళ్ల అంతర్యుద్ధం ముగిశాక లెబనాన్ 1991లో క్షమాభిక్ష చట్టం తెచ్చింది. చంపిందెవరో, ఎందుకో విచారించకుండానే చాలా నేరాలు మాఫీ అయిపోయాయి. అల్జీరియా తన అంతర్యుద్ధం తర్వాత 2005లో రెఫరెండం పెట్టి 'ముసాలహా' (సుల్హ్ ధాతువుదే, రాజీ అని అర్థం) ప్రకటించింది. మరుసటి ఏడాది ఆర్డినెన్స్, ఆ గాయాలను కెలికి రాజ్యం పరువు తీశారంటే జైలేనంది. ఆచారంలోంచి పేరు మాత్రం తీసుకున్నారన్నమాట. మొరాకో 2004లో నియమించిన సత్య విచారణ కమిషన్ కొంత నయం. బాధితులు టీవీలో మాట్లాడారు, కానీ హింసించినవాళ్ల పేర్లు చెప్పకూడదు. అది సగం పద్దు.

ఇలాంటి చోటికి క్షమ పాఠం వస్తే ఎలా వినిపిస్తుంది? ఈ బోధనకు పేరుపొందిన అమెరికన్ మనస్తత్వవేత్త రాబర్ట్ ఎన్‌రైట్ బృందం 2002 నుంచి బెల్‌ఫాస్ట్ బడుల్లో పాఠాలు నడిపింది. ఆయన దృష్టిలో క్షమ వేరు, రాజీ వేరు. అవతలివాడు క్షమాపణ చెప్పకపోయినా బాధితుడు తన మనసులో క్షమించవచ్చు. హంతకుడు చచ్చిపోయినా, ఎన్నటికీ ఒప్పుకోకపోయినా బాధితుడి ప్రశాంతతను వాడి నోటికి ఎందుకు కట్టెయ్యాలి అన్న ప్రశ్న బలమైనదే. ఒక మనిషి గాయం మానడం వరకు దానికి నా దగ్గర జవాబు లేదు. తరగతి గది సంగతి వేరు. నోరు మూసుకోమని చట్టం చెప్పిన దేశంలో, మనసులో క్షమించేయమని చెప్పే పాఠం ఆ చట్టానికే తోకలా కనిపిస్తుంది. ఎన్‌రైట్ పద్ధతిలోనూ తొలి మెట్టు కోపాన్ని బయటికి తీయడమే. అరబ్ దేశాల పాఠంలో ఆ మెట్టు దగ్గరే ఎక్కువ కాలం ఆగాలి.

సుల్హ్ మగ పెద్దల వ్యవహారమని, బలహీనుల మెడలు వంచుతుందని మరో అభ్యంతరం. నిజమే. ఇరాక్ తెగల రాజీల్లో పరిహారం కింద ఆడపిల్లలను ఇచ్చి పెళ్లి చేసిన దుర్మార్గమూ ఉంది. కాబట్టి బడికి తేవాల్సింది ఆ వరసను. ఆ పెద్దరికాన్ని కాదు. అలాగని ఆచారాన్ని పక్కన పెట్టేయడమూ అంత తేలిక కాదు. జోర్డాన్ 1976లోనే తెగల చట్టాలను రద్దు చేసింది, జాహాలు మాత్రం ఈనాటికీ బయల్దేరుతూనే ఉన్నాయి.

లెబనాన్‌లో అందరికీ ఒకే చరిత్ర పుస్తకం ఉండాలని 1989 తాయిఫ్ ఒప్పందం చెప్పింది. పుస్తకం రాలేదు. బడిలో చరిత్ర 1940ల నాటి స్వాతంత్ర్యం దగ్గరే ఆగిపోతుంది. యుద్ధంలో జాడ తెలియకుండా పోయినవారు పదిహేడు వేల మంది అంటారు. వాళ్లను వెతికే చట్టం 2018లో గాని రాలేదు. క్షమ పాఠం చెప్పబోయే టీచరు, ఎవరిని దేనికి క్షమించాలని పిల్లలు అడిగితే, తెరిచి చూపడానికి బడి పుస్తకంలో పేజీ లేదు.