గూడకొంగల గూళ్ళు ఎక్కడ?

కొల్లేటిలో చేపలు పట్టుకొను గూడకొంగలు ఏలూరు పిల్లలకు వింత కాదు. అయినను అవి గూళ్ళు ఎక్కడ కట్టుచున్నవో పక్షిశాస్త్రజ్ఞులకు చాలకాలము తెలియలేదు. 1906లో తిరునెల్వేలి జిల్లా నుండి వచ్చిన వార్త తరువాత 40 ఏండ్లపాటు మన దేశములో ఈ జాతి గూళ్ళను గూర్చి చెప్పుకోదగిన సమాచారమే లేదు. దీనినిబట్టి రెండు ఊహలు చేయవచ్చును: పక్షులు ఇక్కడ గుడ్లు పెట్టుట మానినవి, లేదా, వెదకినవారు లేరు.

మొదటి ఊహను ఒక్క గూడు చాలు, పడగొట్టును. రెండవదానిని నిలువబెట్టుటకు కాలినడక కావలెను. 1946లో కె. కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆరేడులో వాటి నివాసమును చూచి, 1949లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో ప్రకటించినారు. ఆయన వృత్తి ఇంగ్లీషు బోధించుట! ఊరివారికి మాత్రము ఆ పక్షులు కొత్తవి కావు. "కనబడలేదు", "లేవు" అను రెండు మాటలకు గల భేదమును తరగతిలో చెప్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

తరువాతి దశాబ్దాలలో ఆరేడు నివాసము అంతరించినది. ఎందుచేత? ఈ ప్రశ్న జీవశాస్త్రపు పీరియడుకే చెందినదనుకొనరాదు. చెట్లు కొట్టివేసినందువలన పోయినవని ఒక విద్యార్థి, చేపలు తగ్గినందువలన అని మరొక విద్యార్థి అనవచ్చును. ఉపాధ్యాయుడు వెంటనే తీర్పు చెప్పరాదు. "నీ ఊహ నిజమైనచో ఇంకేమి కనబడవలెను?" అని అడుగవలెను. చేపలే కారణమైనచో కొల్లేటిపై వాలు పక్షులు కూడ తగ్గవలెను. చెట్లే కారణమైనచో పక్షులు సరస్సును విడువక, గూటికి చోటు మాత్రము మార్చవలెను. చెట్లు ఏ సంవత్సరము కొట్టినారు, పక్షులు ఏ సంవత్సరము మానినవి అనునది చరిత్ర పాఠము; పెద్దలను అడిగి, వారి మాటలను ఒకదానితో ఒకటి సరిపోల్చవలెను. పక్షులను లెక్కించుట గణితము. సరస్సు పటము గీయుట భూగోళము.

ఇప్పుడు కైకలూరు దగ్గరి ఆటపాకలో గూడకొంగలు పిల్లలను పెంచుచున్నవి. అక్కడ చెట్లు చాలక, అటవీశాఖవారు నిలిపిన కృత్రిమపు మంచెలపై సైతము గూళ్ళు కట్టుచున్నవి. ఇది చెట్ల ఊహవైపే మొగ్గుచున్నది. అయితే నడుమ దశాబ్దాల లెక్కలు చేతికి రానిదే చేపల ఊహను కొట్టివేయుటకు వీలులేదు.