త్యాగరాజ ఆరాధన

వాగ్గేయకారుడు త్యాగరాజ స్వామి (1767–1847) సిద్ధి పొందిన పుష్య బహుళ పంచమి నాడు, తంజావూరు దగ్గర తిరువయ్యారులో, కావేరి ఒడ్డున ఉన్న ఆయన సమాధి వద్ద సంగీతకారులు ఏటా జరిపే ఉత్సవం. చివరి రోజుల్లో ఆయన సన్యాసం పుచ్చుకున్నారు. సన్యాసికి తద్దినం పెట్టరు, ఆరాధన చేస్తారు. ఆ పేరు అలా వచ్చింది.

టీవీలో చూసేవారికి ఇదంతా స్వామి కాలం నుంచీ ఇలాగే నడుస్తోందనిపిస్తుంది. కానీ ఇప్పటి రూపానికి వందేళ్లు కూడా లేవు, అదీ తగాదాల్లోంచి వచ్చింది.

శిష్యులు ఎవరి ఊళ్లో వారు తిథి జరుపుకుంటూ ఉండగా సమాధి పాడుపడింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉమయాళ్పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ దాన్ని బాగుచేయించారు. తరవాత ఉత్సవం నడిపిన తిల్లైస్థానం అన్నదమ్ములు నరసింహ భాగవతార్, పంజు భాగవతార్ విడిపోవడంతో పెద్ద కట్చి, చిన్న కట్చి అని రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఆడవాళ్లు అక్కడ పాడకూడదన్న దాంట్లో మాత్రం రెంటికీ పేచీ లేదు.

ఆ పట్టింపును ఎదుర్కొన్నది బెంగళూరు నాగరత్నమ్మ. నంజనగూడులో పుట్టిన దేవదాసి. కవయిత్రి ముద్దుపళని కావ్యం ‘రాధికా సాంత్వనము’ను 1910లో అచ్చువేయించి సర్కారు ఆగ్రహానికి గురైనదీ ఆవిడే. 1920లలో సమాధి స్థలం కొని, సొంత సొమ్ముతో గుడి కట్టించారు. కట్టించిన మనిషికే అక్కడ పాడే హక్కు లేదన్నారు! 1927 నుంచి గుడి వెనక వైపున ఆడవాళ్ల ఆరాధన మొదలుపెట్టారావిడ. 1940లో రెండు కట్చిలూ, ఆడవాళ్ల పక్షమూ కలిసి ఒక్కటయ్యాయి. 1952లో కన్నుమూసిన నాగరత్నమ్మ సమాధి స్వామికి ఎదురుగానే ఉంది.

అందరూ కలిసి స్వామి అయిదు కృతులు, ఘనరాగ పంచరత్నాలు, పాడే పద్ధతి ఆ రాజీ తరవాత స్థిరపడిందే. పంచమి ఉదయం స్వామి ఇల్లున్న తిరుమంజన వీధి నుంచి ఉంఛవృత్తి భజన బయల్దేరుతుంది. సమాధి దగ్గర వేణువుల మీద భైరవిలో ‘చేతులారా’ ముగిశాక నాట ఎత్తుకుంటారు. గౌళ, ఆరభి, వరాళి, శ్రీ వరసగా వస్తాయి. లోపల విగ్రహానికి అభిషేకం జరుగుతూ ఉంటుంది. బయట ఎదురుబొదురుగా బారులు తీరి కూర్చున్న వందలమంది తొడల మీద ఒకే ఆదితాళం పడుతూ ఉంటుంది.

అయిదింటిలో మొదటిది సంస్కృతం, తక్కిన నాలుగూ తెలుగు. పాడేవారిలో ఎక్కువమంది తమిళులు. వాళ్ల లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం కనుక, తమిళ సంగీత పుస్తకాల్లో ఆ అక్షరం పక్కన 1, 2, 3, 4 అంకెలు వేస్తారు. రెండోదైన గౌళ కృతి ‘దుడుకుగల’లో ‘కు’ ఏదో, ‘గ’ ఏదో అంకె చూసి తెలుసుకోవాలి.

విజయవాడ, హైదరాబాదుల్లోనూ ఆరాధనలు జరుగుతాయి. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి నడుస్తున్న ఉత్సవానికి పుష్య పంచమితో పనిలేదు, అది ఈస్టర్ రోజుల్లో వస్తుంది.