ఉమ్మెత్త కంప

ఒరేయ్, ఆ కంప మంటలో వెయ్యకు! అవతల పారెయ్. అది ఉమ్మెత్తరా, దాని పొగ కూడా మంచిది కాదు. వెళ్లి చేతులు కడుక్కురా, ఈలోగా కళ్లు నులుముకోకు.

మీరంతా దగ్గరికి జరగండి. ఆ ముళ్లకాయ మొక్కతో నాకు చాలా ఏళ్ల స్నేహం.

నేను వాల్తేరులో బోటనీ ఎమ్మెస్సీలో చేరింది 1966లో. తెల్లారకుండా లేచి మొగ్గలు కోసి, ఆల్కహాలూ అసిటిక్ ఆమ్లమూ కలిపిన సీసాలో వేసేవాళ్లం. తర్వాత ఆ మొగ్గలోని కేసరాన్ని గాజుపలక మీద ఎర్రటి ఎసిటోకార్మిన్ రంగు చుక్కలో చిదిమి, పైన పల్చటి గాజుబిళ్ల పెట్టి బొటనవేలితో నొక్కాలి. నొక్కడం సరిగ్గా కుదిరితే కణంలో క్రోమోజోములు విడివిడిగా పరుచుకుంటాయి. లేకపోతే అంతా ముద్ద. నాకు మొదటి నెలంతా ముద్దలే.

ఉమ్మెత్త ఒంట్లో ఏ కణం తీసినా క్రోమోజోములు 24 ఉంటాయి. పుప్పొడి రేణువులో మాత్రం సగమే, 12. మీకు అమ్మ సగం, నాన్న సగం వచ్చినట్టే వాటికీనూ. ఆ రేణువుకి ఉన్నది ఒకటే పని. పువ్వు కీలాగ్రం మీద వాలి, లోపలికి గొట్టం దించి, బీజకణాన్ని అందించాలి. దాంతో దాని బతుకు సరి. మా పుస్తకాల్లో అంతే రాసుండేది.

ఆ రోజుల్లో నేచర్ పత్రిక మా లైబ్రరీకి ఓడలో వచ్చేది, నెలలు ఆలస్యంగా. అందులోనే చదివాను, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఏం జరిగిందో. అక్కడ బోటనీ శాఖని 1949 నుంచి పంచానన్ మహేశ్వరి గారు నడిపేవారు. పూలమొక్కల పిండశాస్త్రం మీద ఆయన 1950లో వేసిన పుస్తకం మాకు భగవద్గీత లాంటిది. ఆయన కొడుకు సతీశ్ చంద్రా, శిప్రా గుహ అనే బెంగాలీ అమ్మాయీ కలిసి ఉమ్మెత్త కేసరాలని సీసాల్లో పెంచారు. 24 కాస్తా 12 అయ్యే ఆ కణవిభజన ఎలా జరుగుతుందో చూద్దామనే వాళ్లు మొదలుపెట్టింది. లవణాలూ, పంచదారా వేసిన అగర్ మీద కేసరాలు ఉంచారు. కొన్నిటిలో కొబ్బరి నీళ్లు కూడా కలిపారు.

ఆ కొబ్బరి నీళ్ల మాట చదవగానే నాకు ఒళ్లు పులకరించిందర్రా. మా కోనసీమలో కాయ కొట్టి తాగి పారబోసేవి! అమెరికాలో 1941లోనే ఉమ్మెత్త పసి పిండాలని ఆ నీళ్లతో పెంచారట. రేపు మొక్కయ్యే పిల్లకి కాయలోపల దాచిన తిండి కదా అది. వేరే జాతి పిల్లలకి కూడా పడుతుంది.

కొన్ని వారాలకి చూస్తే కేసరాలు పగిలి, లోపలినుంచి పచ్చటి బుల్లి పిండాలు తొంగిచూస్తున్నాయి! వాళ్లు వెతికింది అది కాదు. ఇంకొకరైతే పాడైపోయిందని సీసా కడిగేసేవారేమో. శిప్రా గుహకి అప్పటికి 26 ఏళ్లు. 1964లో ఆ సంగతి ప్రకటించారు. కానీ అవి పుప్పొడిలోంచే వచ్చాయని అప్పుడే అనలేదు. కేసరం గోడలోంచి కూడా రావచ్చు కదా? కోసి చూసి, క్రోమోజోములు లెక్కపెట్టి, ఇవి పుప్పొడి బిడ్డలే, 12 క్రోమోజోములవే అని 1966లో తేల్చారు. నాకు వాళ్ల మీద గౌరవం పుట్టింది ఇదిగో, ఈ రెండేళ్ల కోసమే.

తర్వాత ఫ్రాన్సులో పొగాకుకి చేశారు, జపానులో వరికి చేశారు. చైనాలో ఆ దారిన వరీ, గోధుమా కొత్త రకాలే తీశారు. లాభం ఏమిటంటావా? రెండు రకాల వరిని సంకరం చేస్తే రెండో తరం నుంచి పిల్లలన్నీ తలో రకంగా వస్తాయి. గుణం నిలకడ అవడానికి ఆరేడు తరాలు పడుతుంది. అదే, పుప్పొడి మొక్కకి కొల్చిసిన్ పట్టించి 12ని 24 చేస్తే ప్రతి క్రోమోజోము జంటలో రెండూ ఒకే నకలు. ఒక్క తరంలో నిలకడ వచ్చేస్తుంది.

నాకు ఉద్యోగం వచ్చిన కాలేజీలో అలాంటి సదుపాయం ఏదీ లేదు. అయినా ఉమ్మెత్తతో నేనూ చేసి చూడాలని, వేసవి సెలవులకి మైక్రోస్కోపు అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. మొగ్గ మరీ లేతైతే పనికిరాదు, కాస్త ముదిరినా పనికిరాదు. పుప్పొడి రేణువులో ఒక్కటే కేంద్రకం ఉన్న అదనులో పట్టాలి. కొలబద్ద పెట్టి కొలిచి కోసేదాన్ని. బ్లీచింగ్ పౌడరు నీళ్లలో ముంచి, స్పిరిట్ దీపం పక్కన విప్పి సీసాల్లో పెట్టేదాన్ని. సీసాలని ఉడికించింది వంటింటి కుక్కరులో. విషపు మొక్కకి నా కుక్కరా అని మా అత్తగారు రెండ్రోజులు మాట్లాడలేదు. మళ్లీ దాంట్లో అన్నం వండలేదు కూడా.

మొదటి ఏడాది అన్నిటికీ బూజే. రెండో ఏడాదీ బూజే. సీసాలు కడుగుతూ ఏడ్చాను. మూడో వేసవిలో ఒక్క సీసాలో, ఒక్క కేసరం చివర, రావి ఆకు లాంటి ముచ్చటైన ఆకారంతో, ఆవగింజ కన్నా చిన్న పిండం. దాన్ని ఎంత జాగ్రత్తగా పెంచానో! చిట్టి వేరు వచ్చాక దాని కొసని కత్తిరించి, ఎసిటోకార్మిన్‌లో నొక్కి చూశాను. లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. నా కళ్లని నేనే నమ్మలేకపోయాను.

అత్తగారిని పిలిచి, ఎర్రగా పుల్లల్లా కనిపిస్తున్నవి ఎన్నో చెప్పమన్నాను. ఆవిడ ఒక కన్ను మూసి, ఇంకో కంటితో చాలాసేపు చూస్తూ, వేళ్ల కణుపులమీద లెక్కపెట్టుకుంటూ పోయింది.

"పన్నెండే అమ్మాయ్," అంది.