పొట్టేలు కడుపులో సూక్ష్మజీవులు: షెడ్డు మేపు వెనుక చరిత్ర

మహబూబ్‌నగర్, నల్లగొండ పల్లెల్లో పొట్టేళ్లను షెడ్డులోనే మేపి అమ్మే రైతుల దగ్గర దాణా బస్తాల పక్కన ఇప్పుడు ఒక పొడి ప్యాకెట్ కూడా ఉంటోంది. అందులో ఉండేది బతికున్న ఈస్టు. కొన్నింటిలో లాక్టోబాసిల్లస్ లాంటి బ్యాక్టీరియా కూడా కలుపుతారు. ప్రోబయోటిక్ అని దాని పేరు. అది వేస్తే పొట్టేలు త్వరగా బరువెక్కుతుందని దుకాణదారు చెప్తాడు. ఆ మాటలో నిజం ఎంతో తేలాలంటే కథ చాలా వెనక నుంచి ఎత్తుకోవాలి.

ముందు ఈ షెడ్డు మేపు సంగతి. అమెరికాలో మాంసం కోసం వేలాది పశువులను ఒకచోట చేర్చి మొక్కజొన్న మేపుతారు. మన ఎర్రనేలల్లో పశువును పెంచింది దున్నడానికి, బండి కట్టడానికి. అమ్రాబాద్ అడవి అంచున మేసే పొడ తూర్పు జాతి కూడా అరక కోసం పేరు తెచ్చుకున్నదే. కట్టి మేపి బరువు పెంచి అమ్మే పద్ధతి ఇక్కడ కనిపించేది పొట్టేళ్లలోనే.

షెడ్లకు ముందు ఉన్నది మంద. కోతలయ్యాక గొల్లకురుమలు జీవాలను కొయ్యకాళ్ల మీదికి తోలేవాళ్లు. ఎరువు కోసం రైతులు రాత్రిపూట చేలో మంద పెట్టించుకునేవాళ్లు. కంది ఆకు, వేరుశనగ కట్టె, తుమ్మకాయలు, ఏ కాలానికి దొరికింది ఆ కాలంలో మేత. ఎండాకాలం నీళ్లున్న వైపు వలస. తొలకరి లేత గడ్డి మీద జీవాలను ఒక్కసారిగా వదలకూడదని కాపరికి తెలుసు. వదిలితే చిటుకు రోగం వచ్చి, నిన్న సాయంత్రం బాగున్న గొర్రె తెల్లారేసరికి పడిపోయి ఉంటుంది. క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా పేగుల్లో విపరీతంగా పెరిగి విషం వదలడమే ఇందుకు కారణం. అందుకే చిటుకు రోగం టీకా వానలకు ముందే వేయిస్తారు. మేత మార్పు మెల్లగా జరగాలన్న కాపరి జాగ్రత్తకు శాస్త్రం కారణం చెప్పడానికి చాలా ఏళ్లు పట్టింది.

1843లో డేవిడ్ గ్రూబీ, ఒనెసిమ్ డెలఫాండ్ అనే ఇద్దరు ఫ్రాన్స్‌లో నెమరువేసే జంతువుల కడుపు ద్రవాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, అందులో కదిలే ప్రాణులను చూశారు. అవి కడుపులో ఏం పని చేస్తున్నాయో తేలడానికి ఇంకో వందేళ్లు. కడుపులో ఆ ప్రాణులతో పాటే ఉండే, గాలి తగిలితే చచ్చే బ్యాక్టీరియాను పెంచే పద్ధతిని అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హంగేట్ రూపొందించాడు. 1966లో రూమెన్ మీద ఆయన రాసిన పుస్తకం ఈ శాస్త్రానికి పునాది. రూమెన్ అంటే నెమరువేసే జీవి మొదటి కడుపు. అందులోని ఒక్క మిల్లీలీటరు ద్రవంలో దాదాపు వెయ్యి కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. గడ్డిలోని పీచును గొర్రె సొంతంగా అరిగించుకోలేదు, ఆ పని వీటిది. కాబట్టి మనం తొట్టిలో వేసే మేత ముందు వాటికి, ఆ తర్వాతే పొట్టేలుకు.

గింజలు ఎక్కువైనప్పుడు జరిగేది చూడండి. పిండిపదార్థం మీద స్ట్రెప్టోకాకస్ బోవిస్ లాంటివి విజృంభించి లాక్టిక్ ఆమ్లం తయారు చేస్తాయి. ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత పీహెచ్, మామూలుగా 6 నుంచి 7 మధ్య ఉండేది, 5.5 కన్నా దిగజారుతుంది. పీచును అరిగించే బ్యాక్టీరియా చస్తుంది. పొట్టేలు దాణా ముట్టదు, నెమరు ఆపేస్తుంది, ఉండలుగా పడాల్సిన పెంట పుల్లటి వాసనతో జారుడుగా పడుతుంది. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి ఒక నిమిషం ఉంటే లోపల ఒకటి రెండుసార్లు అల లేచినట్టు తెలియాలి. జబ్బుపడినదానిలో ఆ కదలిక ఉండదు. అప్పుడు కొందరు పశువైద్యులు అప్పుడే కోసిన ఆరోగ్యమైన జీవం రూమెన్ ద్రవాన్ని గుడ్డలో పిండి, వేడి ఆరకముందే గొట్టంతో తాగిస్తారు. యూరప్‌లో వందల ఏళ్ల కిందటే ఈ చికిత్స ఉంది. ప్రోబయోటిక్‌కు అసలు పూర్వరూపం ఇదే అని నా అభిప్రాయం.

ఆ లాక్టిక్ ఆమ్లాన్నే తినే బ్యాక్టీరియా కూడా ఉంది. ఎల్స్‌డెన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు గొర్రె రూమెన్ నుంచి తీసిన ఆ జీవి గురించి 1956లో వివరంగా రాశారు. తర్వాత దానికి ఆయన పేరే కలిపి మెగాస్ఫేరా ఎల్స్‌డేనీ అన్నారు.

అన్నిటికన్నా నాకు ఆశ్చర్యం కలిగించేది సుబాబుల్ చెట్టు కథ. ఆ ఆకులో మిమోసిన్ అనే విషం ఉంది. ఆస్ట్రేలియాలో అది మేసిన పశువులు జబ్బుపడేవి, హవాయిలో మేకలు నిక్షేపంగా తినేవి. తేడా కడుపులోని బ్యాక్టీరియాలో ఉండవచ్చని శాస్త్రవేత్త రేమండ్ జోన్స్ ఊహించాడు. 1980ల్లో హవాయి మేకల రూమెన్ సూక్ష్మజీవులను ఆస్ట్రేలియాకు తెచ్చి పశువులకు తాగిస్తే విషం పనిచేయడం మానింది. 1992లో ఆ బ్యాక్టీరియాకు సినర్జిస్టెస్ జోన్సీ అని ఆయన పేరే పెట్టారు.

ఈస్టు దారి వేరు. పాడి ఆవులకు ఈస్టు మేపిన ప్రయోగం 1925లోనే అచ్చయింది. ఇప్పటి ప్యాకెట్లలో ఎక్కువగా ఉండేది శాకరోమైసిస్ సెరవీసియే, నల్లగొండ తాటివనాల్లో కల్లును పులియబెట్టే ఈస్టు కూడా ఆ జాతిదే. మేతతో పాటు రూమెన్‌లోకి చేరే కొద్దిపాటి ఆక్సిజన్‌ను అది వాడేసుకుంటుంది, అప్పుడు గాలి పడని బ్యాక్టీరియాకు ఊపిరాడినట్టవుతుంది.

మన దగ్గర షెడ్డు మేపుకు కావలసిన సరుకు సాగునీటితో వచ్చింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక వరి విస్తరించింది, మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరైంది, తవుడుకు కొదవ లేకుండా పోయింది. పత్తి చెక్క, వేరుశనగ చెక్క, కంది పొట్టు ఈ నేల పంటల నుంచే. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ మొదలుపెట్టింది. 2019 పశుగణనలో సుమారు 1.9 కోట్ల గొర్రెలతో రాష్ట్రం దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. బీళ్లు మాత్రం పెరగలేదు. ఇక మిగిలిన దారి తొట్టి.

తవుడు చవక కదా అని దాన్నే దండిగా వేస్తే ఇంకో ప్రమాదం. అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. పొట్టేళ్ల మూత్రనాళం సన్నం, ఆ తేడా వల్ల ఏర్పడే రాళ్లు అడ్డుపడి మూత్రం ఆగిపోతుంది. కాల్షియం భాస్వరానికి రెట్టింపు ఉండేలా దాణాలో సున్నపురాయి పొడి, ఖనిజ లవణ మిశ్రమం కలుపుకోవాలి. ఈ తప్పును ఏ ఈస్టూ సరిదిద్దలేదు.

ప్రోబయోటిక్ ప్రయోగాల ఫలితాలు ఒకే తీరుగా లేవు. కొన్నిట్లో బరువు పెరిగింది, కొన్నిట్లో తేడా రాలేదు. రూమెన్ కుదురుగా ఉన్న పొట్టేలుకు దాని అవసరం తక్కువ. అవసరం పడేది తల్లి నుంచి వేరుచేసినప్పుడు, మేత మార్చినప్పుడు, పెబ్బేరు సంతలో కొన్న పిల్ల ఆకలితో, దాహంతో బండి దిగినప్పుడు. ఆకలికి దాని కడుపులోని సూక్ష్మజీవులూ తగ్గిపోయి ఉంటాయి. మొదటి రెండు మూడు రోజులు మంచి నీళ్లు, ఎండు గడ్డి, వేరుశనగ కట్టె, కావాలంటే ఈస్టు. ఆ తర్వాత దాణా గుప్పెడుతో మొదలుపెట్టి, రెండు వారాల్లో పూర్తి మోతాదుకు తేవాలి.