కొలత పరికరాలకు అధిక వోల్టేజి నుంచి రక్షణ

ఎలక్ట్రానిక్ సర్క్యూట్లను పరీక్షించేటప్పుడు వోల్టేజిని చదివి అంకెలుగా మార్చే డేటా సేకరణ కార్డులు, హద్దు మీరిన వోల్టేజి తగిలినా చెడిపోకుండా చేసే ఏర్పాట్లను ఈ పేరుతో వ్యవహరిస్తారు. ఈ ఆలోచన కంప్యూటర్ల కంటే పాతది. పిడుగుపాటుకు టెలిగ్రాఫ్ పరికరాలు కాలిపోకుండా 19వ శతాబ్దంలోనే తీగకూ భూమికీ మధ్య సన్నని గాలి సందు ఉంచేవారు. వోల్టేజి మితిమీరితే విద్యుత్తు ఆ సందు దాటి నేలలోకి పోయేది. ఆ తర్వాతి కథను వోల్టేజిని కత్తిరించే సాధనాల కథగానే చెప్పడం పరిపాటి. కానీ చిప్పును కాపాడడంలో అసలు భారం మోసేది కరెంటుకు వేసే కళ్లెం.

1954లో ఎప్స్కో సంస్థ నుంచి వచ్చిన డాట్రాక్ అనే 11 బిట్ల కన్వర్టర్ వాక్యూమ్ ట్యూబులతో నడిచేది, 500 వాట్లు తీసుకునేది. క్షణకాలపు అధిక వోల్టేజిని ట్యూబులు చాలావరకు తట్టుకునేవి. 1963లో ఫ్రాంక్ వాన్‌లాస్ సీమాస్ అనే చిప్పుల విధానాన్ని రూపొందించాక పరిస్థితి మారింది. ఇందులో ట్రాన్సిస్టర్ గేటు కింద ఉండే ఆక్సైడు పొర ఎంత పలుచనిదంటే, మనిషి ఒంటి మీది స్థిర విద్యుత్తే దాన్ని చిల్లు పొడవగలదు. అందుకే తయారీదారులు ప్రతి ఇన్‌పుట్ దగ్గరా సరఫరా వైపు ఒక డయోడు, గ్రౌండు వైపు ఒక డయోడు చిప్పులోనే పెట్టసాగారు.

మరి ఆ డయోడ్లు ఉండగా వేరే రక్షణ దేనికి? లెక్క చూస్తే తెలుస్తుంది. మనిషి స్పర్శకు నమూనాగా పరీక్షల్లో వాడే 100 పికోఫారడ్ల కెపాసిటర్‌లో 2000 వోల్టుల దగ్గర ఉండే శక్తి 0.2 మిల్లీజౌళ్లే. పరీక్ష బల్ల మీది 24 వోల్టుల, 1 ఆంపియర్ సరఫరా ఒక్క సెకనులో 24 జౌళ్లు ఇవ్వగలదు; అంటే 1,20,000 రెట్లు. స్థిర విద్యుత్తు కోసం పెట్టిన డయోడు తప్పుగా కలిపిన తీగను తట్టుకోలేదు. అదే తీగకు వరుసలో 10 కిలో ఓముల రెసిస్టర్ ఉంటే, 5 వోల్టుల చిప్పులోకి వెళ్లేది 2 మిల్లీ ఆంపియర్ల లోపే. ఆ కాస్త కరెంటు కూడా డయోడు గుండా 5 వోల్టుల సరఫరా లైనులోకే చేరుతుంది. బోర్డు వాడే కరెంటు అంతకంటే తక్కువైతే లైను వోల్టేజి పైకి లేచి మిగతా చిప్పులను దెబ్బతీస్తుంది. అందుకే లైనుకు అడ్డంగా, వోల్టేజిని హద్దు దాటనివ్వని జీనర్ డయోడు ఒకటి పెట్టడం మేలు.

రెసిస్టర్ వల్ల కొలత తప్పుతుందన్న అభ్యంతరం నిజమైనదే. రెసిస్టర్‌కు తోడుగా చిప్పు బయట కూడా పెట్టే డయోడు 25 నానో ఆంపియర్లు లీకైతే 10 కిలో ఓముల మీద 0.25 మిల్లీవోల్టుల తేడా వస్తుంది. 5 వోల్టుల, 10 బిట్ల కన్వర్టర్‌లో ఒక్క మెట్టే 4.9 మిల్లీవోల్టులు కనుక అక్కడ అది లెక్కలోకి రాదు. 20 వోల్టుల పరిధి గల 16 బిట్ల కార్డులో మెట్టు 0.3 మిల్లీవోల్టులే, అక్కడ లీకేజీ బాగా తక్కువ ఉండే జేఫెట్ జంక్షన్లను డయోడ్లుగా వాడతారు. ఖర్చు పెరుగుతుంది, రక్షణ పోదు.

అయితే ఈ పద్ధతికీ ఒక హద్దుంది. 230 వోల్టుల మెయిన్స్ శిఖరం 325 వోల్టులు. 10 కిలో ఓముల రెసిస్టర్‌లో అది సగటున 5 వాట్ల వేడి పుట్టిస్తుంది, పావు వాటు రెసిస్టర్ మాడిపోతుంది. పైగా అక్కడ ప్రమాదం కార్డుకే కాదు, మనిషికీ. మెయిన్స్‌ను కొలవాలంటే ఆ పనికి రేటింగ్ ఉన్న ఐసొలేటెడ్ పరికరాన్నే వాడండి.