నేట్రాన్: పేరు, పదార్థం, చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

నేట్రాన్ ఒక జలయుత సోడియం కార్బనేట్ ఖనిజం. ప్రాచీన ఈజిప్టు శవసంరక్షణ, మధ్యధరా ప్రాంతపు గాజు పరిశ్రమ, ఆధునిక రసాయనశాస్త్రం – ఈ మూడింటి చరిత్రలోనూ దీని పేరు కనిపిస్తుంది. అయితే చారిత్రక ఆధారాల్లో ఆ పేరు సూచించే పదార్థమూ, నేటి ఖనిజశాస్త్రం ఆ పేరుతో గుర్తించే పదార్థమూ పూర్తిగా ఒకటి కావు. ఈ భేదాన్ని విస్మరించడం వల్ల అనువాదాల్లో, చరిత్ర రచనలో కలిగిన పొరపాట్లనూ, పదార్థ ధర్మాల ఆధారంగా వాటిని సరిదిద్దిన తీరునూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నేట్రాన్, ట్రోనా, వాది నత్రూన్, సర్జికాక్షారం, సురేకారం, శవసంరక్షణ, గాజు.

1. ప్రవేశిక

తెలుగునాట పాఠ్యపుస్తకాల్లో బట్టల సోడాగా, వాడుకలో చాకలి సోడాగా పరిచితమైన పదార్థం రసాయనికంగా నేట్రాన్‌తో సమానం. కర్మాగారంలో తయారైనది బట్టల సోడా. ప్రకృతిలో స్ఫటికీకరించినది నేట్రాన్. ఇంత సామాన్యమైన పదార్థానికి నాలుగు వేల ఏళ్లకు పైబడిన లిఖిత చరిత్ర ఉంది. ఆ చరిత్రను చదివేటప్పుడు ఎదురయ్యే ప్రధాన సమస్య పదానికీ పదార్థానికీ మధ్య ఉన్న సంబంధమే. ఒక ప్రాచీన గ్రంథంలో ‘నిట్రాన్’ అని ఉంటే అది ఏ లవణం? ఈ ప్రశ్నకు నిఘంటువు ఒక్కటే సమాధానం చెప్పలేదు. ఆ పదార్థం ఏం చేస్తుందని గ్రంథం చెబుతోందో, నిజంగా ఏ లవణం ఆ పని చేయగలదో పోల్చి చూడవలసి ఉంటుంది.

2. ఖనిజ ధర్మాలు, లభ్యత

నేట్రాన్‌లో ప్రతి సోడియం కార్బనేట్ అణువుకూ పది నీటి అణువులు జతపడి ఉంటాయి. దాని బరువులో దాదాపు 63 శాతం నీరే. స్ఫటికాలు ఏకనత వ్యవస్థకు చెందినవి. రంగులేనివి, లేదా తెల్లనివి. మోస్ కొలమానంపై కాఠిన్యం 1 నుంచి 1.5 మాత్రమే కనుక గోటితో గీసినా గీత పడుతుంది. నీటిలో సులభంగా కరుగుతుంది. ఆమ్లం తగిలితే కార్బన్ డయాక్సైడును వదులుతూ పొంగుతుంది.

దీని అస్థిరత్వం చరిత్రకారునికి ముఖ్యమైన ధర్మం. పొడి గాలి తగిలితే ఈ ఖనిజం స్ఫటిక జలాన్ని కోల్పోయి, ఒకే నీటి అణువు గల థెర్మోనేట్రైట్ అనే పొడిగా మారుతుంది. సుమారు 32 డిగ్రీల సెల్సియస్ దాటితే తన స్ఫటిక జలంలోనే కరగడం మొదలవుతుంది. అందువల్ల వేడి ఎడారిలో శుద్ధ నేట్రాన్ ఎక్కువ కాలం నిలవదు. చల్లని రుతువులో క్షార సరస్సుల అంచుల్లో అది ఏర్పడినా, వేడిమి పెరిగి, గాలిలోని కార్బన్ డయాక్సైడు తోడైనప్పుడు కార్బనేటూ బైకార్బనేటూ కలిసిన ట్రోనా స్థిరపడుతుంది. కెన్యాలోని మగాడి సరస్సులోనూ, అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రపు గ్రీన్ రివర్ నిక్షేపాల్లోనూ భారీగా లభించేది ట్రోనాయే. మహారాష్ట్రలోని లోణార్ సరస్సు కూడా ఇటువంటి క్షార జలాశయమే.

ప్రాచీన ఈజిప్టుకు ప్రధాన ఆధారం కైరోకు వాయవ్యంగా, సముద్రమట్టానికి దిగువన ఉన్న వాది నత్రూన్ లోయ. అక్కడి సరస్సులు ఎండిన చోట దొరికే లవణం మిశ్రమం. సోడియం కార్బనేట్, బైకార్బనేట్‌లతో పాటు సాధారణ ఉప్పూ, సోడియం సల్ఫేటూ వివిధ పాళ్లలో అందులో ఉంటాయి. ప్రాచీనులు ‘నేట్రాన్’గా వ్యవహరించినది ఈ మిశ్రమాన్నే. పేరు ఒక్కటే అయినా, ఖనిజశాస్త్రపు నేట్రాన్ ఆ మిశ్రమంలో ఒక అంశం మాత్రమే కావచ్చు, అసలు లేకపోనూవచ్చు.

3. పేరు చేసిన ప్రయాణం

ప్రాచీన ఈజిప్టు భాషలో ఈ లవణపు పేరును ‘దేవుడు’ అనే అర్థమిచ్చే పదంతో పండితులు ముడిపెడతారు. ఆలయ శుద్ధిలోనూ అంత్యక్రియల్లోనూ దీనికున్న స్థానాన్ని బట్టి ఆ సంబంధం సహజంగానే తోస్తుంది. హీబ్రూలో ‘నెతెర్’, గ్రీకులో ‘నిట్రాన్’, లాటిన్‌లో ‘నిట్రుమ్’, అరబ్బీలో ‘నత్రూన్’ – ఇవన్నీ ఒకే కుటుంబపు మాటలు. అయితే మధ్యయుగాల అనంతరం ఐరోపా భాషల్లో ‘నిట్రుమ్’ నుంచి వచ్చిన ‘నైటర్’ అనే మాట క్రమంగా పొటాషియం నైట్రేటుకు, అంటే మందుగుండులో వాడే సురేకారానికి స్థిరపడింది. పాత పేరు కొత్త పదార్థానికి చేరింది.

ఈ మార్పు ప్రభావం తెలుగు దాకా వచ్చింది. హీబ్రూ బైబిలులో ‘నెతెర్’ రెండు చోట్ల వస్తుంది. యిర్మీయా గ్రంథంలో అది మురికిని కడిగే వస్తువు. సామెతల గ్రంథంలో వినెగర్ పోస్తే పొసగని వస్తువు. 1611 నాటి ఆంగ్లానువాదం రెండు చోట్లా ‘నైటర్’ అనే వాడింది. బహుళ ప్రచారంలో ఉన్న తెలుగు అనువాదం మొదటి చోట ‘క్షారము’ అనీ, రెండవ చోట ‘సురేకారము’ అనీ చెప్పింది. పదార్థ ధర్మాలను బట్టి చూస్తే రెండవ పదం పొసగదు. సురేకారం వినెగర్‌తో పొంగదు, మురికినీ వదిలించదు. ఆమ్లంతో పొంగేదీ, జిడ్డును విడదీసేదీ సోడా క్షారమే. సామెతల్లోని ఆ మాటను ప్రాచీన గ్రీకు అనువాదం ‘గాయం’గా గ్రహించింది, కొన్ని ఆధునిక అనువాదాలు దానినే అనుసరించాయి. కానీ హీబ్రూ మూలపాఠాన్ని స్వీకరించినంతవరకూ ‘నెతెర్’ సోడాయే కావాలని రసాయన ధర్మం సూచిస్తోంది.

భారతీయ సంప్రదాయంలో ఈ వివేచనకు తగిన పదజాలం ముందునుంచే ఉంది. ఆయుర్వేద గ్రంథాలు యవక్షారాన్నీ సర్జికాక్షారాన్నీ వేరువేరుగా పేర్కొన్నాయి. మొదటిది ప్రధానంగా పొటాషియం కార్బనేటు. రెండవది సోడా ప్రధానమైనది. ఐరోపాలో ఉప్పులోని మూలమే సహజ సోడాలోనూ ఉందనీ, అది పొటాష్‌కు భిన్నమనీ దుహామెల్ దు మోన్సో ప్రయోగపూర్వకంగా చూపినది 1736లో. తరువాత బెర్జీలియస్ సోడియానికి ‘నేట్రియం’ అనే లాటిన్ పేరు స్వీకరించడంతో ఈజిప్టు లవణపు పేరు ‘ఎన్‌ఏ’ అనే సంకేతంగా ఆవర్తన పట్టికలో నిలిచింది.

4. హెరోడోటస్ వాక్యం, లూకస్ ప్రయోగం

క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ తన రెండవ గ్రంథభాగంలో ఈజిప్టు శవసంరక్షణ విధానాన్ని వివరించాడు. దేహాన్ని 70 రోజులు నిట్రాన్‌లో ఉంచేవారని చెబుతూ ఆయన వాడిన క్రియాపదం చేపలను ఉప్పుపట్టి నిలవచేసే పనికి గ్రీకులు వాడే మాట. చాలామంది అనువాదకులు దానిని ద్రావణంలో నానబెట్టడంగా అర్థం చేసుకున్నారు. దాంతో నేట్రాన్ నీటితో నిండిన తొట్టెలో దేహాన్ని మునిగేలా ఉంచేవారన్న చిత్రణ చరిత్ర పుస్తకాల్లో స్థిరపడింది.

టూటన్‌ఖామున్ సమాధి వస్తువుల పరిరక్షణలో హోవర్డ్ కార్టర్‌తో కలిసి పనిచేసిన రసాయనశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ లూకస్ ఈ చిత్రణను ప్రశ్నించాడు. 1932లో ప్రచురించిన వ్యాసంలో ఆయన గ్రీకు పదపు అర్థాన్నీ, పావురాలపై జరిపిన ప్రయోగాల ఫలితాలనూ ముందుంచి, నేట్రాన్‌ను పొడిగానే వాడారని వాదించాడు. శవసంరక్షణలో మొదటి అవసరం దేహంలోని నీటిని తీసివేయడం. పొడి లవణం ఆ పనిని నేరుగా చేస్తుంది. అందులోని క్షారం కొవ్వును మార్చివేస్తుంది. నీటి తొట్టెలో ఎండబెట్టడం అసలు జరగదు. 1994లో అమెరికాలో బాబ్ బ్రయర్, రోనల్డ్ వేడ్ వాది నత్రూన్ నుంచి తెచ్చిన లవణంతో దానంగా వచ్చిన మానవదేహాన్ని 35 రోజులు కప్పి ఉంచి, పొడి పద్ధతి ఫలితమిస్తుందని చూపారు. ఒక క్రియాపదపు అర్థాన్ని నిర్ణయించడంలో ప్రయోగశాల భాషాశాస్త్రానికి తోడు నిలిచిన సందర్భమిది.

5. గాజు చెప్పే సాక్ష్యం

గ్రంథాలు మౌనం వహించిన చోట కూడా నేట్రాన్ ఉనికిని గుర్తించవచ్చు. ఇసుకను కరిగించి గాజు చేయడానికి క్షారం ద్రవకారిగా పనిచేస్తుంది. మొక్కల బూడిద వాడితే గాజులో పొటాషియం, మెగ్నీషియం ఆక్సైడులు హెచ్చుగా చేరతాయి. ఖనిజ సోడా వాడితే అవి ఒక్కొక్కటి సాధారణంగా 1.5 శాతానికి లోపే ఉంటాయి. సేర్, స్మిత్ అనే పరిశోధకులు 1961లో ప్రాచీన గాజును రసాయన సంఘటనను బట్టి వర్గీకరించిన తరువాత ఈ భేదం పురావస్తు పరిశోధనకు ఆధారమైంది. రోమన్ సామ్రాజ్యపు గాజు అత్యధికంగా ఖనిజ సోడాతో చేసినదేననీ, క్రీ.శ. 8, 9 శతాబ్దాల్లో తూర్పు మధ్యధరా ప్రాంతంలో దాని స్థానాన్ని మొక్కల బూడిద ఆక్రమించిందనీ ఈ విశ్లేషణల వల్ల తెలిసింది. ఖనిజం కరిగిపోయింది, అది లేనిదే అటువంటి గాజు లేదన్న సాక్ష్యం మాత్రం మిగిలింది.

6. సరస్సు ఒడ్డున ఒక సిద్ధాంతం

నెపోలియన్ ఈజిప్టు దండయాత్రతో పాటు వెళ్లిన రసాయనశాస్త్రవేత్త క్లోడ్ లూయీ బెర్తొలే 1799లో ఈ సరస్సులను సందర్శించాడు. ఉప్పునీరు సున్నపురాతిని తాకే చోట సోడా పేరుకుపోవడం ఆయన దృష్టిని ఆకర్షించింది. నాటి రసాయన సంబంధ పట్టికల ప్రకారం ఇది జరగరాదు. ప్రయోగశాలలో సోడా, కాల్షియం క్లోరైడు కలిస్తే సున్నపురాయీ ఉప్పూ ఏర్పడతాయి. ఇక్కడ దానికి విలోమం కనిపించింది. పదార్థాల పరిమాణం, పరిస్థితులు మారితే చర్య దిశ కూడా మారగలదని ఆయన ప్రతిపాదించాడు. 1803లో వెలువరించిన గ్రంథంలో దానిని విస్తరించాడు. 1864లో గుల్డ్‌బెర్గ్, వాగె రూపొందించిన ద్రవ్యరాశి క్రియా నియమానికి ఈ ఆలోచన పూర్వరంగం. సరస్సులోని సోడా పుట్టుకలో సల్ఫేటును క్షయకరణం చేసే సూక్ష్మజీవుల పాత్రను తరువాతి పరిశోధనలు గుర్తించాయి. కనుక బెర్తొలే వివరణ అసంపూర్ణమే; దాని నుంచి ఆయన గ్రహించిన సూత్రం మాత్రం నిలిచింది.

7. ముగింపు

నేట్రాన్ చరిత్రలో పేరు స్థిరంగా ఉన్న చోట పదార్థం మారింది. పదార్థం అదే అయిన చోట పేరు మారింది. అనువాదకుడు సోడాను సురేకారం చేశాడు. చరిత్రకారుడు పొడి లవణాన్ని ద్రావణం చేశాడు. రెండు చోట్లా సవరణకు మార్గం చూపినది పదార్థం నిజంగా ఏం చేయగలదన్న పరీక్షే.

తెలుగు పరిశోధనకు ఈ పాఠం నేరుగా వర్తిస్తుంది. వైద్య, వృత్తి గ్రంథాల్లోనూ నిఘంటువుల్లోనూ క్షారం, సజ్జక్షారం, యవక్షారం, పెట్లుప్పు, చౌడు వంటి పదాలు తారసపడతాయి. వాటన్నిటినీ ‘ఉప్పు’, ‘సోడా’ అని ఒకే గాటన కట్టివేస్తే ఆ వృత్తుల జ్ఞానం మరుగునపడుతుంది. బట్టలుతకడానికి చౌడు మన్నును ఎంచుకున్నవారికీ, మందుగుండుకు పెట్లుప్పును తీసినవారికీ ఆ రెండింటి భేదం పనిలోనే తెలుసు. ఆ భేదాన్ని పాఠంలో గుర్తించి నిలపడం పరిశోధకుని బాధ్యత.