ఈల నుంచి ఫిర్యాదుల పెట్టె దాకా: టెలివిజన్ కార్యాలయ హాస్యంలో పై అధికారి, ఉద్యోగుల సంఘర్షణ

వ్యాససంగ్రహం

టెలివిజన్ హాస్యధారావాహికలను కాలక్షేపంగా పరిగణించి చరిత్ర రచనలో పక్కన పెట్టడం పరిపాటి. అయితే పని ప్రదేశంలో జరిగే తగాదాను ఎవరు తీర్చాలి, ఎవరి ఎదుట చెప్పుకోవాలి అనే ప్రశ్నకు ఒక్కొక్క కాలం ఇచ్చిన సమాధానం ఈ ధారావాహికల్లో స్పష్టంగా నమోదైంది. 2001లో బ్రిటన్‌లోనూ, 2005లో అమెరికాలోనూ ప్రసారం ప్రారంభమైన 'ది ఆఫీస్' రెండు రూపాలను ప్రధాన ఆధారంగా తీసుకొని, లోపభూయిష్ఠుడైన పై అధికారి పాత్ర ఎట్లా రూపొందిందో, ఫిర్యాదు చేసుకొనే మార్గాలు ఎట్లా మారాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అధికారి లోపం వ్యక్తిగత స్వభావ దోషం మాత్రమే కాదనీ, సామూహిక బేరసారాలు క్షీణించిన కార్యాలయ వ్యవస్థలో అది ఒక నిర్మాణ లక్షణమనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కార్యాలయ హాస్యం, మధ్యస్థాయి అధికారి, సిబ్బంది తగ్గింపు, ఫిర్యాదు, కార్మిక సంఘం, రచయితల సమ్మె.

1. ప్రవేశిక

బీబీసీ 1961–63 మధ్య ప్రసారం చేసిన 'ద ర్యాగ్ ట్రేడ్' ఒక చిన్న కుట్టుపని కార్ఖానా కథ. యజమాని ఫెన్నర్ పిసినారి. పని ఎక్కువ చేయించి కూలి తక్కువ ఇవ్వాలని చూసేవాడు. కార్మిక ప్రతినిధి ప్యాడీకి ఏ చిన్న అన్యాయం తోచినా ఈల ఊదేది. ఆ ఈలతో కుట్టుయంత్రాలన్నీ ఆగిపోయేవి. మిరియమ్ కార్లిన్ పోషించిన ఈ పాత్ర ఈల ప్రేక్షకులకు అంతగా అలవాటు కావడానికి కారణం ఉంది. నాటి బ్రిటన్‌లో ఈల అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. యజమాని మంచివాడా, చెడ్డవాడా అన్న విచారణతో ఆ హాస్యానికి పని లేదు. అతని ప్రయోజనం వేరు, పనివారి ప్రయోజనం వేరు అన్న సంగతి ఉభయులకూ తెలుసు. తగాదా బాహాటం, దాని పరిష్కారం బేరం.

నలభై ఏళ్ల తరువాత అదే బీబీసీ మరొక పని ప్రదేశాన్ని హాస్యవస్తువుగా తీసుకొంది. అక్కడ ఈల లేదు. బ్రిటన్‌లో కార్మిక సంఘాల సభ్యత్వం 1979లో సుమారు 1 కోటి 30 లక్షలతో శిఖరానికి చేరి, 2001 నాటికి 80 లక్షల లోపుకు పడిపోయింది. ఈ రెండు ధారావాహికల మధ్య ఉన్న దూరాన్ని ఈ పతనం చాలావరకు వివరిస్తుంది.

2. ప్రేమను కోరే అధికారి: స్లౌ శాఖ

రికీ జెర్వైస్, స్టీఫెన్ మర్చంట్ రచించి దర్శకత్వం వహించిన 'ది ఆఫీస్' 2001 జులై 9న బీబీసీ టూ ఛానెల్‌లో ప్రారంభమైంది. ఆరేసి భాగాల రెండు శ్రేణులు, 2003 క్రిస్మస్‌కు రెండు ప్రత్యేక భాగాలు, మొత్తం పద్నాలుగు. వెర్న్‌హామ్ హాగ్ అనే కల్పిత కాగితపు కంపెనీకి లండన్ సమీపంలోని స్లౌ పట్టణంలో ఉన్న శాఖ కథాస్థలం. కంప్యూటర్ల కాలంలో కాగితం అమ్మడమంటేనే రేపటి మీద భరోసా లేని వ్యాపారం. తొలి భాగంలోనే ముప్పు వెల్లడవుతుంది: స్లౌ, స్విండన్ శాఖల్లో ఒకటి మరొక దానిలో కలవాలి, కొందరి ఉద్యోగాలు పోవాలి.

ఈ వార్తను సిబ్బందికి చెప్పవలసినవాడు శాఖాధికారి డేవిడ్ బ్రెంట్. అతడు ఫెన్నర్ వంటి పిసినారి కాడు, క్రూరుడు కూడా కాడు. కింది ఉద్యోగులు తనను ముందు స్నేహితుడిగా, హాస్యప్రియుడిగా, ఆ తరువాతే అధికారిగా తలచాలన్నది అతని కోరిక. ఆ కోరికే అతని చేతిలో హింసగా మారుతుంది. తొలి భాగంలో రిసెప్షనిస్టు డాన్‌ను, ఆఫీసు కాగితపు చీటీలు దొంగిలించినందుకు ఉద్యోగం నుంచి తీసేస్తున్నానని నమ్మిస్తాడు. ఆమె ఏడ్చిన తరువాత అదంతా పరిహాసమని చెబుతాడు. ఉద్వాసన భయం నిజంగానే కమ్ముకొని ఉన్న కార్యాలయంలో, ఆ భయాన్నే పరిహాసానికి ముడిసరుకుగా వాడుకోగలిగినవాడు ఉద్యోగం తీసే అధికారం ఉన్నవాడొక్కడే. స్నేహం నటించే అధికారంలోని అసమానతను ఈ ఒక్క సన్నివేశం బయటపెడుతుంది.

సహోద్యోగుల తగాదా అతని ముందుకు వచ్చినప్పుడు కూడా ఇదే లోపం కనబడుతుంది. టిమ్ తన పక్క బల్ల గారెత్ స్టేప్లర్‌ను జెల్లీలో గడ్డకట్టించి పెడతాడు. గారెత్ ఫిర్యాదు చేస్తాడు. బ్రెంట్ విచారించడు, తీర్పు చెప్పడు. మిఠాయిల పేర్లతో శ్లేషలు విసిరి తానూ ఆ వినోదంలో చేరిపోతాడు. మందలిస్తే ఇష్టుడు కాకుండా పోతానన్న జంకు అతనిది. అందువల్ల తీర్పరి లేని తగాదా రోజూ కొనసాగుతుంది.

మొదటి శ్రేణి ముగింపులో బ్రెంట్ సిబ్బందిని సమావేశపరచి ఒక దుర్వార్త, ఒక శుభవార్త ఉన్నాయంటాడు. దుర్వార్త వారి ఉద్యోగాల గురించి. శుభవార్త తన పదోన్నతి. వైద్య పరీక్షలో నెగ్గక ఆ పదోన్నతి చేజారినప్పుడు, సిబ్బంది కోసమే దానిని వదులుకొన్నట్లు చెప్పుకొంటాడు. రెండో శ్రేణిలో స్విండన్ నుంచి వచ్చిన నీల్ అతనికి పై అధికారి అవుతాడు. నీల్ సమర్థుడు, మర్యాదస్థుడు. చివరకు సిబ్బంది తగ్గింపు బ్రెంట్‌నే కబళిస్తుంది. తనను తీసివేయవద్దని అతడు ప్రాధేయపడే సన్నివేశంలో అంతవరకు నవ్విన ప్రేక్షకుడు నవ్వలేడు. అధికారి కూడా జీతగాడే అన్న సత్యాన్ని ఆ సన్నివేశం చెప్పకుండానే చెబుతుంది.

3. కెమెరా అనే సాక్షి

ఈ ధారావాహికకు నవ్వుల శబ్దపథం లేదు. ఒక డాక్యుమెంటరీ బృందం కార్యాలయాన్ని చిత్రిస్తున్నట్లు కథనం సాగుతుంది. 1990ల చివరి సంవత్సరాల్లో 'ఎయిర్‌పోర్ట్', 'డ్రైవింగ్ స్కూల్' వంటి కార్యక్రమాలు సాధారణ ఉద్యోగుల దినచర్యను బ్రిటిష్ తెరపైకి తెచ్చాయి. ఆ రూపాన్ని జెర్వైస్, మర్చంట్ అనుకరించి వ్యంగ్యానికి వాడుకొన్నారు.

చరిత్ర దృష్టితో చూస్తే ఈ రూపం కేవలం శిల్పవిశేషం కాదు. అధికారి అసంబద్ధంగా ప్రవర్తించినప్పుడు టిమ్ కెమెరా వైపు ఒక చూపు చూస్తాడు. ఆ చూపు ఒక ఫిర్యాదు. సంఘ ప్రతినిధి లేడు. పై అధికారికి చెబితే ప్రయోజనం లేదు. ఎదురు తిరిగితే తగ్గింపు జాబితాలో పేరు ముందుకు జరగవచ్చు. మిగిలింది సాక్షి మాత్రమే. ప్యాడీ ఈల పనిని ఆపించింది. టిమ్ చూపు దేనినీ ఆపలేదు, నమోదు మాత్రం చేసింది. సామూహిక నిరసన వ్యక్తిగత వ్యంగ్యంగా కుదించుకుపోయిన తీరును ఈ రెండు సంజ్ఞల మధ్య గుర్తించవచ్చు.

4. ఫిర్యాదుల పెట్టె: స్క్రాంటన్ శాఖ

గ్రెగ్ డేనియల్స్ రూపొందించిన అమెరికన్ 'ది ఆఫీస్' ఎన్బీసీలో 2005 మార్చి 24న మొదలై 2013 మే 16న ముగిసింది. తొమ్మిది శ్రేణులు, 201 భాగాలు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్క్రాంటన్ పట్టణం, డండర్ మిఫ్లిన్ అనే కల్పిత కాగితపు కంపెనీ శాఖ, అధికారి మైకేల్ స్కాట్‌గా స్టీవ్ కరెల్.

మైకేల్ ఒకప్పుడు మేటి అమ్మకందారు. ఆ నైపుణ్యానికి ప్రతిఫలంగా, దానితో సంబంధం లేని పదవి అతనికి దక్కింది. సోపానక్రమంలో ప్రతి ఉద్యోగీ తన అసమర్థతా స్థాయి వరకు ఎదుగుతాడని లారెన్స్ పీటర్, రేమండ్ హల్ 1969లో ప్రతిపాదించిన సూత్రానికి అతడు ఉదాహరణ. అయితే అసమర్థత ఒక్కటే అతని కష్టం కాదు. మూడో భాగంలో ఆరోగ్య బీమా ఖర్చు తగ్గించమని ప్రధాన కార్యాలయం ఆదేశిస్తుంది. అప్రియమైన ఆ పనిని అతడు కింది ఉద్యోగి డ్వైట్‌కు అప్పగించి, సాయంత్రానికి సిబ్బందిని సంతోషపెట్టే విశేషం ఒకటి ఉందని వాగ్దానం చేస్తాడు. సాయంత్రమవుతుంది, చెప్పడానికి ఏమీ లేక మౌనంగా నిలబడిపోతాడు. ఖర్చు తగ్గించాలన్న నిర్ణయం పైది, నింద కిందివారిది. నడుమ ఉన్నవాడు అడకత్తెరలో పోకచెక్క.

బ్రిటిష్ రూపంలో లేని ఒక సంస్థ ఇక్కడ ప్రముఖమవుతుంది. అది మానవ వనరుల విభాగం. దీని వెనుక న్యాయచరిత్ర ఉంది. 1964 పౌరహక్కుల చట్టం ఉద్యోగంలో వివక్షను నిషేధించింది. 1998లో అమెరికా సుప్రీంకోర్టు ఫారగర్, ఎల్లర్త్ కేసుల్లో ఇచ్చిన తీర్పులు పై అధికారి వేధింపులకు యాజమాన్యం బాధ్యత వహించవలసిన పరిస్థితులను నిర్ణయించాయి. బాధితుల ఉద్యోగస్థితికి నేరుగా నష్టం జరగని సందర్భాల్లో, వేధింపులను నివారించడానికి, సరిదిద్దడానికి తగిన శ్రద్ధ తీసుకొన్నట్లు, బాధితులు ఆ ఏర్పాట్లను సమంజస కారణం లేకుండా వినియోగించుకోనట్లు రుజువు చేస్తే యాజమాన్యానికి రక్షణ లభిస్తుంది. శిక్షణ తరగతులు, సంతకాలు, ఫిర్యాదు పత్రాలు విస్తరించడానికి ఇది ఒక ముఖ్య కారణం. రెండో భాగమైన 'డైవర్సిటీ డే' సరిగ్గా దీనినే పట్టుకొంది. తరగతి నిర్వహించవలసి వచ్చిందే మైకేల్ ప్రవర్తన వల్ల. అయినా సిబ్బంది అందరూ కూర్చోవాలి, అందరూ సంతకం చేయాలి. మైకేల్ మాత్రం తన సంతకం స్థానంలో ఒక కార్టూన్ బాతు పేరు రాస్తాడు. నేర్చుకోవడం కంటే నేర్చుకొన్నట్లు కాగితం ఉండడమే ప్రధానమైన పద్ధతిపై ఇంతకంటే పదునైన వ్యాఖ్య అరుదు.

2006 మేలో ప్రసారమైన 'కాన్‌ఫ్లిక్ట్ రిజల్యూషన్' ఈ పరిశీలనకు అత్యంత కీలకం. మానవ వనరుల ప్రతినిధి టోబీ సిబ్బంది ఫిర్యాదులను స్వీకరించి దాచి ఉంచుతాడు. జిమ్‌పై డ్వైట్ ఏళ్ల తరబడి ఇచ్చిన ఫిర్యాదులు న్యూయార్క్‌కు వెళ్లనే లేదు. ఒక పెట్టెలో పడి ఉన్నాయి. మైకేల్ ఆ ఫిర్యాదులను అందరి ముందు పైకి చదువుతాడు. గోప్యత పోతుంది, అణగి ఉన్న కలహాలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ఇక్కడ టోబీ, మైకేల్ ఇద్దరూ విఫలులే. ఒకడు వినినట్లు నటించి ఏమీ చేయడు. మరొకడు చేయబోయి గాయం పెంచుతాడు. అయితే తన ఆకతాయి పనుల జాబితా వరుసగా వినబడుతున్నప్పుడు జిమ్‌కు నవ్వు రాదు. తన యౌవనం ఎట్లా ఖర్చయిందో అతనికి తెలుస్తుంది; బదిలీకి ఆలోచన చేస్తాడు. తీర్పు చెప్పేవారు లేని చోట, ఫిర్యాదు ప్రతివాదికి అద్దమైంది.

సామూహిక మార్గం ప్రస్తావన అసలు లేదనలేము. రెండో శ్రేణిలోని 'బాయ్స్ అండ్ గర్ల్స్' భాగంలో గిడ్డంగి కార్మికులు సంఘం పెట్టుకొనే మాట ఎత్తుతారు. ప్రధాన కార్యాలయం అధికారిణి జాన్ అట్లాంటి ప్రయత్నం జరిగితే శాఖనే మూసివేస్తారని హెచ్చరిస్తుంది. 1935 జాతీయ కార్మిక సంబంధాల చట్టం కింద ఇటువంటి బెదిరింపు అనుచితమైన చర్య. అయినా కథలో ఎవరూ చట్టాన్ని ప్రస్తావించరు. మాట అక్కడితో ముగుస్తుంది. అంతవరకు హాస్యాస్పదుడైన మైకేల్ కంటే, సమర్థురాలైన జాన్ ఆ క్షణంలో ఎక్కువ హాని చేస్తుంది. లోపభూయిష్ఠుడైన అధికారిని చూసి నవ్వడంలో నిర్దుష్టంగా పనిచేసే అధికారం మరుగున పడవచ్చునన్న గ్రహింపు ఇక్కడ అవసరం.

5. తెర వెనుక సంఘర్షణ: 2007–08 సమ్మె

ఈ ధారావాహిక రచయితలు తమ పని ప్రదేశంలో తామే ఒక సంఘర్షణలో పాల్గొనడం చరిత్రలోని విశేషం. 2006 వేసవిలో 'ది అకౌంటెంట్స్' పేరుతో పది చిన్న భాగాలు అంతర్జాలం కోసం తయారయ్యాయి. వాటికి డేటైమ్ ఎమ్మీ పురస్కారం కూడా లభించింది. ఆ పనికి తమకు ప్రతిఫలం ముట్టలేదని రచయితలు ప్రకటించారు. అంతర్జాల ప్రసారంలో రచయితల వాటా ప్రధానాంశంగా అమెరికా రచయితల సంఘం 2007 నవంబరు 5న సమ్మె ప్రారంభించింది. నటులుగా కూడా తెరపై కనిపించే పాల్ లీబర్‌స్టైన్, మిండీ కేలింగ్, బి.జె. నోవాక్ ఆ సంఘ సభ్యులే. కరెల్ కూడా చిత్రీకరణకు హాజరు కాలేదు. నిర్మాణం నిలిచిపోయింది.

సమ్మె రెండో వారంలో, నవంబరు 15న, 'ద డిపొజిషన్' ప్రసారమైంది. తనను అక్రమంగా తొలగించారని జాన్ కంపెనీపై వేసిన దావాలో మైకేల్ సాక్ష్యం చెప్పవలసి వస్తుంది. కంపెనీ తనను పెద్ద పదవికి ఎన్నడూ గట్టిగా పరిగణించలేదని ఆ విచారణలోనే అతనికి తెలుస్తుంది. అయినా చివరకు కంపెనీ పక్షమే వహిస్తాడు. ఆ తరువాత 2008 ఏప్రిల్ వరకు కొత్త భాగం రాలేదు. తనను చిన్నచూపు చూసిన యాజమాన్యానికి విధేయుడిగా నిలిచిన పాత్ర తెరపైన; ఆ పాత్రను సృష్టించి వీధిలో నిరసన తెలుపుతున్న రచయితలు తెర వెలుపల. ఫిర్యాదులను పెట్టెలో దాచిన టోబీని పోషించినవాడు లీబర్‌స్టైనే కావడం ఈ వైరుధ్యాన్ని పరిపూర్ణం చేస్తుంది. 2008 ఫిబ్రవరి 12న సమ్మె ముగిసింది; నూతన మాధ్యమాల్లో ప్రతిఫలానికి సంబంధించిన నిబంధనలు ఒప్పందంలో చేరాయి. కథలోని ఉద్యోగులకు అందని సామూహిక బేరం కథకులకు అందింది.

6. భారతీయ సందర్భం

2001లోనే సబ్ టీవీలో రాజీవ్ మెహ్రా దర్శకత్వంలో 'ఆఫీస్ ఆఫీస్' మొదలైంది. పంకజ్ కపూర్ పోషించిన ముసద్దీలాల్ ఉద్యోగి కాడు. ప్రతి బల్ల దగ్గరా ఆగి ఆగి అలసిపోయే పౌరుడు. అక్కడి సంఘర్షణ అధికారికి, ఉద్యోగికి మధ్య కాదు. కార్యాలయానికి, జనానికి మధ్య. 2019లో హాట్‌స్టార్ 'ది ఆఫీస్' హిందీ రూపాన్ని ఫరీదాబాద్ నేపథ్యంలో విడుదల చేసేనాటికి ప్రైవేటు కార్యాలయంలోని అధికారి కూడా భారతీయ హాస్యవస్తువయ్యాడు. 1997 విశాఖ తీర్పుకు కొనసాగింపుగా 2013 చట్టం పది మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి పని ప్రదేశంలో అంతర్గత ఫిర్యాదుల కమిటీని తప్పనిసరి చేసింది. స్క్రాంటన్ పెట్టె వేసే ప్రశ్న ఇక్కడా వర్తిస్తుంది: కమిటీ ఉండటం, ఫిర్యాదు వినబడటం ఒకటేనా?

7. ముగింపు

ఈ పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, ఫెన్నర్ నుంచి బ్రెంట్, మైకేల్‌ల వరకు అధికారి పాత్ర యజమాని స్థానం నుంచి జీతగాడి స్థానానికి మారింది. అతని లోపాలు ఆ నడిమి స్థితిలోనే పుట్టాయి. రెండోది, ఫిర్యాదు రూపం ఈల నుంచి చూపుగా, చూపు నుంచి పెట్టెలోని కాగితంగా మారింది; ప్రతి మార్పులోనూ పనిని ఆపగల శక్తి తగ్గింది. మూడోది, ఈ మార్పు అనివార్యం కాదని 2007–08 సమ్మె నిరూపించింది. హాస్యం అధికారిని క్షమించవచ్చు. క్షమించదగినవాడిగా కూడా చూపవచ్చు. చరిత్రకారుడు మాత్రం ఆ పెట్టెను తెరిచి, అందులోని కాగితాలు ఎక్కడికి చేరవలసినవో, ఎందుకు చేరలేదో అడగవలసి ఉంటుంది.